హంపమ్మ నామోచ్చారణ మహాసంగ్రామం

వాన అన్న మాటను మాత్రమే ఎరిగి వానను ఎరగని నల్లరేగడి నేలల నడుమ, తుంగభద్ర పక్కనుంచే పోతూ పలకరించకుండా పోతుందన్న అలకతో బీటలు వారిన కర్నూలు పడమటి సీమలో, కోసిగికి అల్లంత దూరాన, సెల్‌టవరు నీడ తప్ప వేరు నీడ లేని ఒకానొక గ్రామంలో, మిరపకోతలకు గుంటూరు దిక్కు దండెత్తిపోయిన కూలిసేనలు కారపు మంటలు కళ్ళలో నింపుకుని స్వస్థలాలకు మరలివచ్చే పుణ్యకాలంలో, అంటే ఏడాది మొత్తం మీద ఆ ఊరి చర్చి నిండే ఏకైక ఋతువులో జరిగిన ఘోరసమరాన్ని చెబుతాను. ఈ సమరంలో రథాలు విరగలేదు, ఏనుగులు కూలలేదు, నెత్తురు ఒక్క బొట్టు కారలేదు. మూడంటే మూడు అక్షరాలు ఒక ముసలమ్మ గొంతులోంచి బయటికి రావడానికి చేసిన భీకర ప్రయత్నమే ఇది. చెవులు బాగున్నవారు ఉన్నచోటనే వినండి. బాగులేనివారు కంగారుపడనక్కరలేదు, ఇందులో ముఖ్యమైన ఘట్టమంతా చర్చి మైకులోనే జరిగింది.

నాయిక పేరు రాహేలమ్మ. తెల్లారకముందే పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొట్టి కొట్టి అరచేతులను ఉక్కుపలకలుగా మార్చుకున్న ప్రచండబాహుదండ. పత్తిచేలల్లో ఎండతో ముఖాముఖి తలపడి, సాయంత్రానికల్లా ఎండనే కొండల చాటుకు తరిమిన నిదాఘవిజేత. ఆదివారం ఆరాధనలో ఆమె ఎత్తుకున్న పాటను తబలా అందుకోలేక మధ్యలోనే చేతులెత్తేసేంతటి మేఘగంభీరకంఠ. ఇంతటి కంఠానికీ ఒక లోపం ఉంది. అందులోంచి ఒక్క మాట వెలువడదు. ఆ మాట ఆమె అత్తగారి పేరు.

కోడలు తన అత్త పేరూ మామ పేరూ పెనిమిటి పేరూ నోట పలకకూడదని ఆ సీమలో పాత నియమం. ఏసుప్రభువు ఆ ఇంటికి రాకమునుపే ఆ నియమం వచ్చి మంచమెక్కి కూర్చుంది. ప్రభువు వచ్చాక కూడా లేచి చోటివ్వలేదు. పెనిమిటి పేరు శాంతయ్య కనుక రాహేలమ్మ ప్రార్థనలో శాంతి కావాల్సిన ప్రతిచోటా, అదే అర్థమిచ్చే బైబిలు మాటతో, సమాధానం కావాలని వేడుకునేది. మామ పేరు ఏసేపు కనుక క్రిస్మసు కథ పిల్లలకు చెప్పవలసి వస్తే మరియమ్మ, మరియమ్మ పెనిమిటి గాడిదను తోలుకుని బయలుదేరారని చెప్పేది. ఇక అత్తగారి పేరు హంపమ్మ. అందుచేత హంపికి పోయే బస్సు వీధిలోకి వస్తే ఇంట్లోవాళ్ళను కేకేసి, మా అత్త బస్సు వచ్చిందని చెప్పేది. కొత్తగా వచ్చిన కండక్టరొకడు ఆ మాట నమ్మి, ఆ పెద్దామె ఎక్కేదాకా అని బస్సు ఆపి కూర్చున్నాడు కూడా.

ఇంతకీ ఆ హంపమ్మ సామాన్యురాలు కాదు. ఏసేపును పెండ్లాడి కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, దుమ్ము రేపుకుంటూ జీపులో వచ్చిన తెల్లదొరగారు ఆమెకు బాప్తిస్మమిచ్చి, పాతపేరు తీసేసి రెబెక్కా అని నామకరణం చేశారు. ఆమె తల ఊపింది, ముఖం మీది నీళ్ళు కొంగుతో తుడుచుకుంది, ఇంటికొచ్చి కుండ దించింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఎవరు రెబెక్కా అని పిలిచినా ఒక్కసారీ తిరిగి చూడలేదు. దేవుణ్ణి ఒప్పుకుంది గాని ఆ పేరును ఒప్పుకోలేదు. హంపమ్మగానే మోకాళ్ళూనింది, హంపమ్మగానే కానుక వేసింది, హంపమ్మగానే కోడలి చేత ఊడిగం చేయించుకుంది. ఆ ఊడిగమంతా 'ఏమే', 'ఒసే' అన్న రెండు సంబోధనల మీదనే సాగింది. తన కోడలికి ఒక పేరు ఉందన్న సంగతిని ఆమె పట్టించుకున్న దాఖలా లేదు. చివరకు పండు వయసులో మంచాన పడి, కోడలి చేతి గంజి తాగి, అందులో ఉప్పు తక్కువైందని చెప్పి మరీ కన్నుమూసింది.

ఆ ఇంటి ఆచారం ప్రకారం చివరగా సమాధికి చేరినవారి పేరు ఆ తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టాలి. ఆమె పోయిన మరుసటి ఏడే రాహేలమ్మ కొడుకు శామ్‌కు ఆడపిల్ల పుట్టింది. శామ్ కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. పాతాళంలోకి దిగి వసుంధరా గర్భాన్నే తొలిచే వీరుడతడు. కాని ఇంటికొచ్చి తల్లికీ పెళ్ళానికీ మధ్య కూర్చుంటే పెదవి కదపలేడు. అతని భార్య ప్రసన్నకుమారి పులివెందుల దిక్కు పిల్ల. బి.ఎడ్. చదివి ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది. ఎదురులేని వాగ్ధాటి, ఎర్రపెన్నుతో తప్పులు దిద్దే అలవాటు ఆమె ఆయుధాలు. కాన్పుకు ముందే ఆమె బిడ్డకు పేరు ఖాయం చేసుకుంది. జియాన్నా. దాని అర్థం దేవుడు దయగలవాడని చెప్పింది.

బిడ్డను తీసుకుని కోడలు కోసిగి దిక్కుకు వచ్చిన నాడు, బాప్తిస్మం మాట ఎత్తగానే, రాహేలమ్మ నడింట్లో నిలబడి, కొంగు నడుముకు బిగించి ప్రకటించింది.

"పాపకి మా అత్త పేరే పెట్టల్ల."

ప్రసన్నకుమారికి ఆ పేరు తెలుసు. ఇంట్లో గోడ మీద ఆ ముసలామె ఫోటో కింద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. అయినా ఆమె యుద్ధతంత్రం ఎరిగిన మనిషి. చాలా వినయంగా అడిగింది.

"మీ అత్త పేరేందత్తా? నువ్వే చెప్పు, వింటా."

రాహేలమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. సహాయం కోసం పెనిమిటి వైపు తిరిగింది. ఎన్నో గృహసంగ్రామాలను ముందుగానే పసిగట్టిన అనుభవశాలి శాంతయ్య అప్పటికే మేకలను చూసి వస్తానని వెళ్ళిపోయాడు. వాళ్ళకు మేకలు లేవు.

ఆ విధంగా యుద్ధం మొదలైంది. వంటింట్లో గిన్నెలు మూతులు బిగించుకున్నాయి. అత్త కొట్టే రొట్టెల చప్పుడు వీధి చివరి దాకా ఫిరంగుల్లా వినిపించింది. కోడలు ఉయ్యాల ఊపుతూ జియాన్నా, జియాన్నా అని రాగం తీస్తే, అత్త తన వంతు వచ్చినప్పుడు అదే ఉయ్యాల ఊపుతూ జోలపాట ఎత్తుకుని, పేరు రావలసిన చోటుకు రాగానే మూసిన పెదవులతో మూలిగి దాటేసేది. బిడ్డ మాత్రం ఇద్దరి పాటకూ సమానంగా ఏడ్చి తన తటస్థత నిరూపించుకుంది. శామ్‌ను ఇద్దరూ విడివిడిగా పిలిచి నీ మాటేమిటని అడిగారు. ఇద్దరికీ వేర్వేరుగా, నువ్వు చెప్పిందే నా మాట అని చెప్పి అతడు ఇరుపక్షాల ఆగ్రహానికీ సమంగా గురయ్యాడు.

ఇట్టి సమయంలో మూడవ సేన రంగంలోకి దిగింది. సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు అరుణ్ కుమార్ పరామర్శకు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కావాడు. టీ గ్లాసు చేతికందగానే పేరు సంగతి ఆయన చెవిన పడింది. ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, కుర్చీలోనే కూర్చుని ప్రసంగపీఠం ఎక్కాడు.

"అమ్మా, ఇది వెలుగులోకి వచ్చిన ఇల్లు. ఈ ఇంటి బిడ్డకు చీకటినాటి పేరెందుకు? హంపమ్మ అని పిలిస్తే వినేవారికి గోపురాలు గుర్తుకొస్తాయి, తేర్లు గుర్తుకొస్తాయి. మన విశ్వాసం గుర్తుకు రావొద్దా? మీ అత్తగారికి సంఘం ఇచ్చిన పేరు రెబెక్కా. అది పెట్టండి. పెద్దల పేరూ నిలుస్తుంది, పరిశుద్ధుల పేరూ నిలుస్తుంది."

ఈ ఏర్పాటు ఎంత చక్కగా కుదిరిందో చూసుకుని ఆయన తనలో తానే మురిసిపోయాడు. రాహేలమ్మ మాత్రం చలించలేదు.

"ఆ పేరుతో పిలిచ్చే మా అత్తే పలకలేదయ్యా. పాప ఎట్లా పలుకుతాది?"

వాదం ఎదురు తిరిగినప్పుడు ఎవరైనా చేసేదే పాస్టరూ చేశాడు, పక్కవారి మీదికి తిరిగాడు. జియాన్నా అన్న పేరు కూడా గ్రంథంలో ఎక్కడా లేదనీ, సినిమావాళ్ళ పిల్లల పేరులా ఉందనీ, అదీ పనికిరాదనీ తేల్చేశాడు. తొందరపాటు అక్కడే జరిగింది. అంతవరకు గడప దగ్గర నిలబడి, అత్త ఓటమిని చల్లగా తిలకిస్తున్న ప్రసన్నకుమారి ఆ మాటతో రెండడుగులు ముందుకు వచ్చింది. అత్తతో ఆ పాతపేరు వద్దని తాను చెప్పొచ్చు. బయటివాడు వచ్చి ఇద్దరి నోళ్ళూ మూయడం వేరు.

"అయ్యగారూ, నా పేరు ప్రసన్నకుమారి. నీళ్ళు పోసి పెట్టిన పేరే. మీ పేరు అరుణ్ కుమార్. అరుణుడు ఎవురి రథం తోల్తాడో మా బడి పిల్లోల్లకి ప్రతి ఏడాదీ చెప్తాండా. మన ఇద్దరి పేర్లూ యా అధ్యాయంలో ఉండాయో చూపిచ్చండి. పాప పేరు గూడా ఆ పక్కనే యాడో ఉంటాది, ఎతుక్కుంటాం."

సూర్యరథసారథి నామధేయుడైన ఆ దైవసేవకుడు కింద పెట్టిన టీ గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. తర్వాత, ఆయన మంచివాడని ముందే చెప్పాను గదా, చిన్నగా నవ్వాడు. తాను పొద్దు పొడుస్తుండగా పుట్టానని నాన్న ఆ పేరు పెట్టాడనీ, దాని గురించి ఇన్నాళ్ళూ తనకు తోచనే లేదనీ ఒప్పుకున్నాడు. మీరిద్దరూ కలిసి ఏ మాట మీదికొస్తే ఆ పేరే ఇస్తానన్నాడు. ఒకటే షరతు. ఆ సంఘంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ప్రకారం, బిడ్డను ఎత్తుకున్నవారే సంఘమంతటి ముందూ పేరు తమ నోటితో చెప్పాలి. వారేది చెబితే అదే పేరు.

ఆయన వెళ్ళాక అత్తాకోడళ్ళు మొదటిసారి ఒకే చాప మీద కూర్చుని సంధి మాట్లాడుకున్నారు. జియాన్నా హంపమ్మ. రెండు పేర్లూ కలిపి ఒకే పేరు. ఇంత తేలిగ్గా కోడలు ఒప్పుకోవడం చూసి రాహేలమ్మ ఆశ్చర్యపోయింది. ఆపైన ప్రసన్నకుమారి మరింత ఔదార్యం చూపించి, పాపను నువ్వే ఎత్తుకో అత్తా, పేరు నువ్వే చెప్పు అంది. శత్రుదుర్గం తలుపు లోపలినుంచే తెరుచుకుందని సంబరపడి రాహేలమ్మ సరేనంది. అది తలుపు కాదనీ బోననీ ఆమెకు తెలిసేసరికి శామ్ బంధువులందరికీ ఫోన్లు చేసేశాడు. ఆమె జియాన్నా అనగలదు. ఆ తర్వాతి ముక్క అనలేదు. అనకపోతే పాప వట్టి జియాన్నాయే.

చిక్కుబడ్డ రాహేలమ్మ యుద్ధవిద్యలు నేర్చుకోవడానికి పక్కింటి సర్దార్ బీని ఆశ్రయించింది. గాజుల బుట్టతో ఊరూరా తిరిగిన సర్దార్ బీ ఎవరి పేరైనా ఏ వీధిలోనైనా నిలబడి కేకేయగల ధీర. రోజూ మధ్యాహ్నం ఆమె వాకిట్లో, వేరుశనగకాయలు వొలుస్తూ అభ్యాసం సాగింది. సర్దార్ బీ ముందు పలికేది, హంపమ్మ. రాహేలమ్మ 'హం' దాకా వచ్చేది. అక్కడ దగ్గు అడ్డం పడేది. చేటలోని పొట్టంతా గాలికి లేచేది.

"సచ్చిపోయిన మనిషే రాహేలూ. వచ్చి కొడ్తాదా?" అంది సర్దార్ బీ విసిగి.

"కొడ్తాది," అంది రాహేలమ్మ, ఏమాత్రం అనుమానం లేకుండా.

తన మనవరాళ్ళకు షాహనా, శిరీన్ అని పేర్లు పెట్టేటప్పుడు తననెవరూ ఒక్క మాట అడగలేదనీ, నీకైతే అడిగేవాళ్ళున్నారనీ, ఇంత దూరం వచ్చి వదిలేస్తావా అనీ సర్దార్ బీ నిలదీసింది. అసలు అంత రాచిరంపాన పెట్టిన మనిషి పేరు నీకెందుకని కూడా అడిగింది. రాహేలమ్మ చేతిలోని కాయను వొలవకుండా అట్లాగే పట్టుకుంది. ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పని మాట అప్పుడు చెప్పింది. ముసలామె పోవడానికి కొద్దిరోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మంచం మీదినుంచి రాహేలూ అని పిలిచి నీళ్ళడిగింది. కాపురానికొచ్చిన నాటినుంచి అదే మొదటిసారి. తాను నీళ్ళయితే ఇచ్చింది గాని ఏమని బదులు పలకాలో తోచక ఊరికే నిలబడిపోయింది.

"ఆమె నన్ను పేరు పెట్టి పిలిచె. నేను పిలవలేదు బీ."

సర్దార్ బీ ఆ రోజుకు అభ్యాసం చాలించి, మిగతా కాయలు తానే వొలిచేసింది.

ఆదివారం వచ్చింది. కోతలనుంచి తిరిగొచ్చిన జనంతో చర్చి కిటకిటలాడింది. చాపల మీద చోటు లేక మగవాళ్ళు వాకిట్లో చెప్పుల మధ్య నిలబడ్డారు. వాకిటి వేపకొమ్మకు వేలాడుతున్న లౌడుస్పీకరు ఊరిని ఉద్దేశించి ఒకసారి కీచుమంది. కంచుగిన్నెలో నీళ్ళు సిద్ధమయ్యాయి. ఎర్రంచు తెల్లచీర కట్టి, మనవరాలిని రొమ్ముకు హత్తుకుని, రాహేలమ్మ పెండ్లికూతురిలా కాదు, సేనానిలా కాదు, పంటి వైద్యుడి కుర్చీ వైపు నడుస్తున్నదానిలా ముందుకు నడిచింది. పక్కన ప్రసన్నకుమారి ప్రసన్నంగా ఉంది. శామ్ పైకప్పులోని దూలాలు చూస్తున్నాడు. శాంతయ్య కళ్ళు మూసుకున్నాడు, ప్రార్థనకో పారిపోవడానికో చెప్పలేం. కిటికీ అవతల సర్దార్ బీ తల కనిపించింది.

"ఈ బిడ్డకు ఏ పేరు పెట్టారు?" అని పాస్టరు అడిగి, మైకు రాహేలమ్మ నోటి ముందుకు చాచాడు.

అప్పుడు, ఆ మహావీరురాలి అంతరంగ రణభూమిలో ఏమి జరిగిందో ఎట్లా చెప్పను. నాభిమూలం నుంచి హకారం ఒంటరి యోధుడిలా బయలుదేరింది. గుండె దాటింది. గొంతు మొగదల దానికి ఒక సైన్యమే అడ్డం నిలిచింది: కాపురానికొచ్చిన తొలిరోజు విన్న గద్దింపులు, తలవంచుకుని మోసిన బిందెలు, ఉప్పు తక్కువైన గంజి, 'ఏమే'లు, 'ఒసే'లు, అన్నిటికీ వెనక ఏనుగు మీద కూర్చున్నట్టు మంచం మీద కూర్చుని చూస్తున్న ముసలామె. హకారం వెనక్కి తిరిగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తిరిగింది. ఆ రాకపోకల ఊపిరి మైకులో పడి, స్పీకరులో పెరిగి, ఊరంతటికీ హోరుమని వినిపించింది. చేలో ఉన్నవాళ్ళు వానగాలి లేచిందేమోనని ఆకాశం వైపు చూశారట.

జనం గుసగుసలాడారు. ప్రసన్నకుమారి పెదవి చివర చిరునవ్వు మొలిచింది. ఇంత బాధ చూడలేక, సాయపడదామనే మంచి తలంపుతో, పాస్టరు అరుణ్ కుమార్ ముందుకు వంగి మెల్లగా అడిగాడు.

"పోనీ, రెబెక్కా అందామా అమ్మా?"

మెల్లగా అడిగాడు గాని మైకు దగ్గరే ఉంది. ఆ పేరు ఊరంతా వినిపించింది. రాహేలమ్మకు మాత్రం అది మంచం దాకా వెళ్ళినట్టు, అక్కడ ముసలామె ఎప్పటిలాగే ముఖం అటు తిప్పేసుకున్నట్టు తోచింది. అత్త మీదికి ఇంకొకరి పేరు మళ్ళీ విసురుతున్నారు. కోడలై ఉండీ తాను చూస్తూ నిలబడింది.

"హంపమ్మ."

ఆ శబ్దం ఎట్లాంటిదంటే, స్పీకరు ఒక్కసారి కీచుమని మూగబోయింది, చర్చి కప్పు మీది పావురాలన్నీ లేచాయి, గిన్నెలోని నీళ్ళు వణికాయి. ఉలిక్కిపడిన పాస్టరు చేతిలోంచి నీళ్ళు వాటంతటవే బిడ్డ నెత్తిన పడ్డాయి. పడ్డాక ఆగడానికి లేదు కనుక, హంపమ్మా, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో నీకు బాప్తిస్మమిస్తున్నాను అని ఒక్క ఊపిరిలో ముగించేశాడు. అందరూ ఆమేనన్నారు. కిటికీ అవతలినుంచి కూడా ఒక ఆమేను వినబడింది.

జియాన్నా అన్న మాట రాహేలమ్మ పూర్తిగా మరిచిపోయింది. ఆ సంగతి ముందు గ్రహించినది ప్రసన్నకుమారి. అత్తా, ఇంగోటి, ఇంగోటి అని పళ్ళ మధ్యనుంచి పలికింది గాని అప్పటికే తబలా మొదలైంది. తాను తవ్విన గోతిలో తాను ఎంచుకున్న పేరే పడిపోవడం చూసి ఆమెకు కోపం వచ్చింది. అత్త ముఖం చూసింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని, బిడ్డను పట్టుకుని, భుజాలు కదిలేలా ఏడుస్తోంది. కోడలు కాసేపు అట్లాగే చూసి, చంకలోంచి జారుతున్న బిడ్డ గుడ్డను సర్ది, పాట పుస్తకం తెరిచింది. బడిలో చేర్చేటప్పుడు మాత్రం జియాన్నా అనే రాయిస్తానని శామ్ చెవిలో హెచ్చరించింది. శామ్ అట్లాగే అన్నాడు. తల్లి అడిగితే ఆమెకూ అట్లాగే అనడానికి సిద్ధంగా ఉన్నాడు.

మధ్యాహ్నం ఇంట్లో భోజనాలు సాగుతున్నాయి. వాకిట్లో షామియానా కింద పంక్తులు, లోపలి గదిలో ఉయ్యాల. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. రాహేలమ్మ వచ్చి ఉయ్యాల పక్కన కూలబడింది. పొద్దుటి యుద్ధంతో ఒళ్ళంతా హూనమై ఉంది. ఒకటి రెండుసార్లు ఊపింది. ఏడుపు ఆగలేదు. గమ్మునుండమని బతిమాలింది. ఆగలేదు. ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి, ప్రయత్నపూర్వకంగా అంది.

"గమ్మునుండే హంపమ్మా."

చెవులు రిక్కించి ఆగింది. ఏ మంచమూ కిర్రుమనలేదు. ఏ చేతికర్రా నేలను తాటించలేదు. పైకప్పు పడలేదు. వాకిట్లో ఎవరో ఇంకొంచెం కూర అడుగుతున్నారు. రాహేలమ్మ వెన్ను నిటారైంది. నిదాఘవిజేత, మేఘగంభీరకంఠ, తన స్వరాన్ని ఈసారి పూర్తిగా విప్పింది.

"పొద్దున్నుంచి చూస్తాండా, ఏం అరుపు హంపమ్మా అది? ఇంట్లో నువ్వొక్కదానివే ఉండావా? నోరు మూసుకో."

వంటింట్లోంచి ప్రసన్నకుమారి చేతిలో గరిటెతో తొంగిచూసి, ఎవరితో అత్తా మాట్లాడేది అని అడిగింది. మా అత్తతో అని జవాబు చెప్పి రాహేలమ్మ ఉయ్యాల తాడు అందుకుంది.

కనుక నాలుగు దిక్కుల వారూ వినండి. కోసిగి సీమలో, నిండు పట్టపగలు, ఇంటినిండా చుట్టాలుండగా, ఒక కోడలు తన అత్తను పేరు పెట్టి పిలిచి నోరు మూసుకోమంది. అత్త మూసుకుంది.